కొనని అక్షరాలతో అచ్చయిన పాటల పుస్తకం

మా సంఘపు పాటల పుస్తకం రెండవ ముద్రణ 2009లో వచ్చింది. అట్ట లోపలి పుటలో అడుగున, సర్వహక్కులు సంఘానివని, అనుమతి లేనిదే ఎవరూ ముద్రించరాదని చిన్న అక్షరాలతో వేయించాము. దానికో కారణం ఉంది. మా మొదటి ముద్రణను పొరుగూరి సంఘంవారు చెప్పాపెట్టకుండా జిరాక్సు తీయించి పంచుకున్నారు. మా పెద్దలకు అది కొంచెం కష్టం కలిగించింది.

పోయిన ఏడాది శ్రమకాల దినాలకు ముందు, మూడవ ముద్రణ సంగతి మాట్లాడుకోవడానికి ఆదివారం ఆరాధన తరువాత కూర్చున్నాము. సింహాచలం కొండ దిగువన, గోపాలపట్నం పోయే దారిలో ఉన్న చిన్న సంఘం మాది. స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైనవారు కొందరు, పోర్టులో కూలికి పోయేవారు కొందరు, కొండ వాలులో అనాస తోటల పనికి వెళ్లే కుటుంబాలు కొన్ని. కానుకల డబ్బుతో పుస్తకం వేయాలంటే కాగితం ధర నుంచి కుట్టు కూలి దాకా లెక్క చూసుకోవలసిందే. ఆ లెక్కల్లో ఉండగా, టీ గ్లాసులు అందిస్తున్న ఒక అమ్మాయి పాత పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ హక్కుల మాట చదివింది. కంప్యూటరు డిప్లొమా చదువుతున్న పిల్ల.

"బాబాయ్, ఈ అక్షరాలు మనం కొన్నవేనా?" అని మా కోశాధికారిగారిని అడిగింది.

"అక్షరాలు కొనడమేమిటమ్మా? డీటీపీకి డబ్బు ఇచ్చాం కదా."

"అది టైపు చేసినందుకు. ఫాంటు ఆయన కొన్నాడా, ఎవరి దగ్గరైనా కాపీ చేసుకున్నాడా అని అడుగుతున్నాను."

ఎవరి దగ్గరా జవాబు లేదు. సంగతి తేల్చుకోవాలని మరునాడు సాయంత్రం మేము ముగ్గురం డీటీపీ షాపుకు వెళ్లాము.

షాపతను మాకు కొత్తవాడు కాదు. ఇరవై ఏళ్లకు పైగా మా పెళ్లి శుభలేఖలు, జ్ఞాపకార్థ కూడికల కాగితాలు, సంఘ వార్షికోత్సవ కరపత్రాలు అతనే చేస్తున్నాడు. చందనోత్సవం రోజుల్లో చలివేంద్రాలవారి బ్యానర్లూ అతనివే. అడగడానికి మాకే మొహమాటంగా ఉంది. అతను మాత్రం దాచలేదు.

"కొనలేదండి. 2001లో షాపు పెట్టినప్పుడు కంప్యూటరు బిగించిన కుర్రాడే అన్నీ ఎక్కించి ఇచ్చాడు. విండోసు, పేజ్‌మేకరు, ఫొటోషాపు, తెలుగు అక్షరాలు, అన్నీను. ఏది కొన్నదో ఏది కాదో నాకు ఎవరు చెప్పారు? తరవాత తెలిసింది. తెలిసేసరికి అప్పు తీర్చుకోవడానికే సరిపోయింది. మీరు కొత్తగా అడుగుతున్నారు గానీ, ఈ రోడ్డు మీద ఎవరు కొన్నారండి?"

ఈ మాట విని అతన్ని దొంగ అనడానికి మాకు నోరు రాలేదు. అతను కాపీ చేసిన అక్షరాలతో అచ్చయిన పుస్తకాన్నే కదా మేము ఆదివారం ఆదివారం చేత పట్టుకుని పాడుతున్నది.

ఈ వ్యాపారం మన ఊళ్లలోకి ఎలా వచ్చిందో చదువరులలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ప్రెస్సులో కంపోజిటరు నిలబడి గడుల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చేవాడు. 1990లలో ఆ గడులు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పుటలు అమర్చే పేజ్‌మేకరును ఆల్డస్ అనే అమెరికా సంస్థ 1985లో తెచ్చింది. 1994లో అది అడోబీ చేతికి వెళ్లింది. 2001లో వచ్చిన 7.0 దాని ఆఖరి రూపం. ఇక తెలుగు అక్షరాల విషయానికి వస్తే, హైదరాబాదులో తయారైన 'అను' ఫాంట్ల పేరు వినని ఆపరేటరు మన రాష్ట్రాల్లో ఉండడేమో. వీటిని డబ్బు పెట్టి కొన్నవారూ ఉన్నారు. కొనకుండా ఒక సీడీ నుంచి ఇంకో సీడీకి ఎక్కించుకున్నవారు ఎంతమందో షాపుల వీధిలో నడిచినవారికి చెప్పనక్కరలేదు.

తెలుగు ఫాంటు చేయడం చిన్న పని కాదు. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు, అంకెలు, గుర్తులు గీస్తే చాలావరకు పని నడుస్తుంది. తెలుగులో ప్రతి హల్లుకూ గుణింతం ఉంది, ప్రతి హల్లుకూ ఒత్తు ఉంది. 'స్త్రీ' అని రాయాలంటే స కింద త ఒత్తు, దానికి ర ఒత్తు, పైన గుడి దీర్ఘం, ఏవీ ఒకదాన్నొకటి తగలకుండా కూర్చోవాలి. ఇలాంటి వందల రూపాలకు గీతలు గీసి, ఏది ఎక్కడ కూర్చోవాలో యంత్రానికి నేర్పాలి. ఈ పని చేసినవారు ఎక్కడో ఉన్న కోటీశ్వరులు కారు. తెలుగువారే, చిన్న సంస్థలే. "విదేశీ కంపెనీకి మన వెయ్యి రూపాయలు ఒక లెక్కా" అనే మాట మా కమిటీలోనూ వచ్చింది. విండోసు విషయంలో ఆ మాటకు ఏ జవాబు చెప్పుకున్నా, తెలుగు ఫాంట్ల విషయంలో మాత్రం అది చెల్లదు.

విశాఖపట్నం చరిత్ర కొంచెం తిరగేస్తే అక్షరాలకు ఖర్చు ఎప్పుడూ ఉన్నదేనని తెలుస్తుంది. లండన్ మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయరు వారికి తోడు. క్రాన్ 1809లోనూ, డెగ్రాంజి 1810లోనూ చనిపోయారు. వారి సువార్తలు 1812లో అచ్చు కావలసివచ్చినప్పుడు విశాఖలో తెలుగు అచ్చు అక్షరాలు లేవు. బెంగాలులోని శ్రీరాంపూరు మిషను ప్రెస్సులో అచ్చయ్యాయి. ఆ ఏడాదే మార్చి 11న ఆ ప్రెస్సు తగలబడి, ఏళ్ల తరబడి పోతపోసుకున్న అచ్చు అక్షరాలెన్నో కరిగి ముద్దలయ్యాయి. విలియం కేరీ, ఆయన తోటివారు మళ్లీ పోత పోయించుకున్నారు. అప్పటి అక్షరం బరువుండేది. పోతే కంటికి కనబడేది. ఇప్పటి అక్షరానికి బరువు లేదు, కాపీ చేస్తే అసలులో వీసమెత్తు తరగదు. మన తికమకంతా ఇక్కడే మొదలవుతుంది.

మా యౌవనస్థుల కూడికలో ఇదే వాదన నడిచింది. కొండ కింది పిల్లవాడొకడు అనాస మాట తెచ్చాడు. "పక్కవాడి తోటలో పండు కోస్తే వాడికి ఒక పండు తగ్గుతుంది, అది దొంగతనం. ఫాంటు కాపీ చేస్తే వాడి ఫాంటు వాడి దగ్గరే ఉంటుంది. ఇది పండు కోయడం ఎలా అవుతుంది?" అన్నాడు. ఈ మాటను మేము తేలికగా కొట్టివేయలేదు. పండు కోయడమూ కాపీ చేయడమూ అక్షరాలా ఒకటే అని ప్రసంగించడం సులువే గాని, పిల్లలు నమ్మరు. నిజానికి ఒకటి కాదు కూడా. అయితే పిలకలు అమ్ముకునే నర్సరీవాడి సంగతి ఏమిటని కోశాధికారిగారు అడిగారు. మంచి రకం తయారు చేసి, పిలక ఇంత అని అమ్ముకుని బతికేవాడి దగ్గర ఒక్క పిలక కొని, దాని పిలకలను ఊరంతా ఊరికే పంచితే, వాడి తోటలో ఒక్క మొక్కా తగ్గదు. కాని మరుసటి ఏడు వాడు నర్సరీ పెట్టడు. ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి, "అయితే వాడే పంచుకోండి అంటే?" అన్నాడు. మా మాటలన్నీ ఆ తరువాత ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

చట్టం ఏమంటుందో కూడా చూశాము. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1984లో చేసిన సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు కూడా అందులోకి వచ్చాయి. 1994 సవరణ 63బి అనే సెక్షను చేర్చింది. కాపీ అని తెలిసి తెలిసి కంప్యూటరులో వాడితే ఏడు రోజులకు తగ్గకుండా, మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా అని అందులో రాశారు. వ్యాపారం కోసం, లాభం కోసం వాడకపోతే జైలు వేయకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంచారు. డబ్బిచ్చి కొన్నవాడు తన దగ్గర ఉన్నది పాడవుతుందేమోనని ఒక ప్రతి తీసి దాచుకోవచ్చు. అది తప్పు కాదని చట్టమే చెబుతుంది. పాటల గురించి కూడా ఒక మాట. ఆరాధనలో ఎవరు రాసిన పాటనైనా పాడుకోవడం ఆ చట్టం ప్రకారం నేరం కాదు. పుస్తకంలో అచ్చు వేసుకోవడం వేరే సంగతి, దానికి రచయిత అనుమతి కావాలి. మేము 2009లో బతికున్న రచయితలకు ఉత్తరాలు రాసి మరీ అడిగాము. అక్షరాలు చేసినవారిని అడగాలని మాత్రం మాకు తోచలేదు.

'వాడే పంచుకోండి అంటే' అన్న ప్రశ్నకు జవాబుగా ప్రపంచంలో పెద్ద పనే జరిగింది. 1976లో బిల్ గేట్స్, తాము చేసిన బేసిక్ అనే ప్రోగ్రామును చాలామంది కొనకుండా కాపీ చేసుకుంటున్నారని కంప్యూటరు అభిమానులకు బహిరంగ లేఖ రాశాడు. అంతకుముందు ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం ఆ రంగంలో మామూలు. తరువాత కొన్నేళ్లకు అమెరికాలోని ఎం.ఐ.టి.లో రిచర్డ్ స్టాల్మన్ అనే ప్రోగ్రామరుకు ఎదురు అనుభవం అయ్యింది. వారి ప్రింటరులో కాగితం తరచు ఇరుక్కునేది. దాని ప్రోగ్రాము మూలం చేతిలో ఉంటే ఒక చిన్న మార్పుతో అవస్థ తగ్గించగలడు. ఉన్నవాడిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాట ఇచ్చాను, ఇవ్వలేను అన్నాడట. 1983లో స్టాల్మన్ గ్నూ అనే పని ప్రకటించాడు. 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు మొదటి రూపం తెచ్చాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మూలం చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకటే షరతు. నువ్వు పంచినప్పుడు పుచ్చుకున్నవాడికీ అవే హక్కులు ఇవ్వాలి, మూలం దాచకూడదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు, మరుసటి ఏడు ఈ లైసెన్సు కిందికి వచ్చింది. పొలం గట్టు మీద కూర్చుని మీరు చూసే ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచేది ఆ లినక్సే. ఇలాంటి పనికి 'ఓపెన్ సోర్సు' అన్న పేరు 1998లో వచ్చింది.

ఇంగ్లీషువారికి ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఊరికే దొరికేదానికీ, స్వతంత్రమైనదానికీ వారికి 'ఫ్రీ' అని ఒకటే మాట. మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో 2005 ప్రాంతంలో ఈ ఉద్యమం మొదలుపెట్టినవారు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నారు. కంప్యూటరును తెలుగులో నడిపే పని వారు చాలా చేశారు. ఈ తేడా తెలియక మోసపోయే చోటు కూడా ఉంది. ఉచితంగా దించుకోగలిగే ఫాంట్లలో కొన్నిటికి సొంత వాడకానికి మాత్రమే అని షరతు ఉంటుంది. అలాంటిదాన్ని డీటీపీ షాపులో డబ్బు తీసుకుని వాడితే, రూపాయి ఖర్చు కాకపోయినా, అది కూడా అనుమతి లేని వాడకమే. ధర ఎంత అన్నది తరువాతి మాట. ముందు చూడవలసింది యజమాని దేనికి ఒప్పుకున్నాడన్నది.

మాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఈ జి.పి.ఎల్. కూడా కాపీరైటు చట్టం మీదే నిలబడింది. చేసినవాడికి హక్కు ఉంది కాబట్టే, ఈ షరతు మీద అందరికీ ఇస్తున్నానని అతను రాయగలిగాడు. కొనవలసినదాన్ని కొనకుండా కాపీ చేసేవాడు, పంచుకోమని ఇచ్చినవాడి షరతును కూడా గౌరవించలేడు. రెండు పొలాలకూ గట్టు ఒకటే. ధర్మశాస్త్రంలో ద్రాక్షతోట గురించి ఇలాంటి ఏర్పాటే కనిపిస్తుంది. పొరుగువాడి తోటలోకి వెళ్లినవాడు కడుపారా తినవచ్చు గాని గంపలో వేసుకుపోకూడదు. ఎంతవరకో ముందే చెప్పి ఇచ్చిన అనుమతి అది.

ఇక ఫాంట్ల మాట. ఆ అమ్మాయి వెదికి తెచ్చిన కాగితాల్లో ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సు అనే పేరు చూసి మా పెద్దలలో ఒకరు, "ఈ ఎస్.ఐ.ఎల్. ఎక్కడో విన్నానే" అన్నారు. విన్నవారే. విలియం కామెరాన్ టౌన్సెండ్ 1934లో అమెరికాలోని ఆర్కాన్సాలో ఒక వేసవి శిక్షణ మొదలుపెట్టాడు. లిపి లేని భాషల్లోకి బైబిలు అనువదించబోయేవారికి భాషాశాస్త్రం నేర్పడానికి ఏర్పడిన ఆ శిక్షణలోంచి పుట్టిన సంస్థే ఎస్.ఐ.ఎల్. వైక్లిఫ్ బైబిలు అనువాదకుల సంస్థ దీనికి తోబుట్టువు. కొద్దిమంది మాట్లాడే భాషల వారికి ఎవరు ఫాంటు చేస్తారు? చేసినా అక్కడ కొనేవారు ఎందరు? ఆ అవసరంలోంచి విక్టర్ గాల్ట్నీ, నికోలా స్పాలింగర్ 2005లో ఈ లైసెన్సు రాశారు. 2007లో 1.1 అనే సవరించిన రూపం వచ్చింది. ప్రపంచంలో ఇప్పుడు స్వేచ్ఛగా ఇచ్చే ఫాంట్లలో ఎక్కువ వాడుకలో ఉన్న లైసెన్సు ఇదే.

దాని షరతులు మాకు అర్థమైనంతలో ఇవి. ఫాంటును ఎవరైనా ఏ పనికైనా వాడవచ్చు, డబ్బు తీసుకుని చేసే అచ్చు పనికి కూడా. ఎన్ని కంప్యూటర్లలోనైనా ఎక్కించవచ్చు, పంచవచ్చు, మార్చవచ్చు. ఒట్టి ఫాంటును మాత్రం విడిగా అమ్ముకోరాదు. వేరే సాఫ్ట్‌వేరుతో కలిపి అమ్మవచ్చు. చేసినవారు తమకోసం ఉంచుకున్న పేరు ఉంటే, మార్చిన ఫాంటుకు ఆ పేరు పెట్టరాదు. మార్చినది మళ్లీ ఇదే లైసెన్సు కింద ఇవ్వాలి. ప్రతి కాపీతోనూ హక్కుల మాట, లైసెన్సు పాఠం ఉండాలి. దానితో అచ్చయిన పుస్తకానికి మాత్రం ఈ షరతులేవీ అంటవు, పుస్తకం మనదే.

పేరు గురించిన షరతు విని కొందరు, ఇదేం పట్టింపు అన్నారు. రైతులకు ఇది కొత్త కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, పొరుగువాడితో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కంపెనీ బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మరాదు. విత్తనం ఇస్తాను గాని నా పేరు మీద నువ్వు ఏమి చల్లుతావో నాకు తెలియదు కదా అన్నదే రెండు చోట్లా ఉన్న భయం.

ఈ లైసెన్సు కింద తెలుగు ఫాంట్లు చాలానే ఉన్నాయి. అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర 2010ల మొదట్లో వరుసగా విడుదల చేయించింది. పురుషోత్ కుమార్ గుత్తుల వంటి రూపకర్తలు వాటికి పనిచేశారు. మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, గురజాడ, ఇలా పేర్లు పెట్టారు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఉత్తరాంధ్ర అడవుల్లో సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసిన మనిషి. ఆ పేరు గల ఫాంటు, చిన్న భాషల కోసం పుట్టిన లైసెన్సు కింద రావడం మాకు ముచ్చటగా తోచింది. అంతకు ముందే తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే ఫాంట్లు చేసి జి.పి.ఎల్. కింద ఇచ్చారు. అంటే మేము కొనని అక్షరాలతో పుస్తకం వేసుకుంటున్న రోజుల్లోనే, పంచుకోండని ఇచ్చిన తెలుగు అక్షరాలు లోకంలో ఉన్నాయి. మాకు తెలియలేదు. అడగనూ లేదు.

మార్చుకోవడం మాత్రం అనుకున్నంత సులువు కాలేదు. పాత డీటీపీ ఫాంట్లలో తెరమీద 'క' కనిపించినా లోపల దాగి ఉండేది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఆ ఫాంటు తీసేస్తే 318 పాటలూ అర్థంలేని గీతలవుతాయి. యూనికోడు పద్ధతిలో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ దాని సొంత సంఖ్య ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడు నుంచే తెలుగుకు అందులో చోటు ఉంది. ఇందులో ఫాంటు మారినా అక్షరం మారదు. పాత పాటలను యూనికోడులోకి మార్చే ప్రోగ్రాము ఉంది గాని, మా పాటల్లో అది ర ఒత్తులను, అర్ధాక్షరాలను అక్కడక్కడ తారుమారు చేసింది. 'క్రీస్తు' అన్న మాటే మొదటి ప్రతిలో నాలుగు రకాలుగా వచ్చింది. మా యౌవనస్థులు మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని, పాత పుస్తకం పక్కన పెట్టుకుని, పాట పాటా పాడి చూసుకుంటూ దిద్దారు. పాడి చూడడం వల్ల ఒక మేలు జరిగింది. 2009 నుంచి తప్పుగా అచ్చయి, అలాగే పాడుకుంటున్న రెండు చరణాలు దొరికాయి.

షాపతను తన రెండు కంప్యూటర్లలో ఒకదానిలో లినక్సు ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ అమ్మాయి, ఇంకో ఇద్దరు కూర్చుని ఎక్కించారు. పుటల అమరిక లిబ్రె ఆఫీసులో చేశాము. అది కూడా స్వేచ్ఛగా ఇచ్చినదే, 2010 నుంచి ఆ పేరుతో వస్తోంది. మొదటి వారం అతను చాలా విసుక్కున్నాడు. ఇరవై ఏళ్లుగా వేళ్లకు అలవాటైన కీబోర్డు వేరు, ఇది వేరు. "ఒక్క శుభలేఖకు పట్టే టైములో నాలుగు చేసుకుందునండి" అన్నాడు. అతని కూలి మేము ఆ మేరకు పెంచి ఇచ్చాము. కమిటీలో దీనిమీద కొంచెం గొడవ అయ్యింది. సాఫ్ట్‌వేరు ఉచితమైతే ఖర్చు తగ్గాలి గాని పెరగడమేమిటని ఒకరు గట్టిగానే అడిగారు. ఒకసారి పెరిగింది, నిజమే. అక్షరం ఊరికే వచ్చినా దాన్ని కూర్చే మనిషి చేయి ఊరికే రాదు.

రెండవ కంప్యూటరులో ఇంకా పాతవే ఉన్నాయి. పెళ్లివారు ఆ వంకుల అక్షరాలే కావాలంటారట. అవి కొనడానికి డబ్బు కూడబెడుతున్నానని అంటున్నాడు. అతను కొనేదాకా మా సంఘపు పని ఆ యంత్రం మీద చేయించకూడదని తీర్మానం రాసుకున్నాము. అంతకు మించి అతని మీద పెత్తనం మాది కాదు.

పుస్తకం వెనుక కొన్ని కీర్తనలు ఉత్తర ప్రత్యుత్తరంగా చదువుకోవడానికి వేద్దామనుకున్నాము. అక్కడా అదే ప్రశ్న వచ్చింది. ఈ అనువాదం ఎవరిది, వారు దేనికి ఒప్పుకున్నారు? 2019 నాటి ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ తెలుగు బైబిలును, పేరు చెప్పి, మార్పులు చేస్తే అదే షరతు మీద ఇస్తూ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మా ముసలమ్మలకు పాత అనువాదమే నోటికి వచ్చు. కొత్త మాటలు నాలుకకు అడ్డం పడుతున్నాయని సణిగారు. అయినా దాన్నే వేశాము, ఏ అనువాదమో, ఏ లైసెన్సో కింద రాసి.

ఆఖరున అట్ట లోపలి పుట మిగిలింది. సర్వహక్కులు సంఘానివి అన్న మాట ఉంచాలా తీయాలా అని రెండు ఆదివారాలు మాట్లాడుకున్నాము. పుస్తకంలో మా సంఘస్థులు రాసినవి 26 పాటలున్నాయి. రాసినవారిలో బతికున్నవారిని, చనిపోయినవారి పిల్లలను అడిగాము. ఒక్కరు తప్ప అందరూ, రాసినవారి పేరు ఉంచి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చని ఒప్పుకున్నారు. ఆ ఒక్కరు తమ తండ్రిగారి మూడు పాటలకు ఎవరైనా తమను అడగాలన్నారు. అది వారి హక్కు. అలాగే రాశాము. ఫాంటు మండలి అని, దాని లైసెన్సు పేరు ఫలానా అని కింద ఒక వరుస చేర్చాము.

పుస్తకం ప్రతిష్ఠ ఆరాధనకు పొరుగూరి సంఘంవారిని కూడా పిలిచాము, వెనక మా పుస్తకాన్ని జిరాక్సు తీసుకున్నవారినే. వారి పెద్ద ఒకాయన పెన్‌డ్రైవు తెచ్చుకున్నారు. పాటల ఫైలు, ఫాంటు, దానితో ఉన్న లైసెన్సు పాఠం అందులో ఎక్కించి ఇచ్చాము. ఇంటికి వెళ్లాక ఫోను చేశారు.

"అన్నయ్యగారూ, ఇందులో ఇంగ్లీషు ఫైలు ఒకటి ఉంది. మావాడు అది అక్కరలేదు, తీసేద్దాం అంటున్నాడు."

"తీయకండి. మీరు ఇంకో సంఘానికి ఇచ్చినప్పుడు ఫాంటుతోపాటు అది కూడా వెళ్లాలి."

"అయితే ఇవ్వొచ్చన్నమాట," అన్నారాయన.